రావ్నాకు జింకలు పడలేదు

మంద తీరానికి దిగుతున్న ఆ వసంతమంతా రావ్నా తుమ్ముతూనే ఉంది. మోటారు మంచుబండి నడుపుతూ తుమ్మింది. ఆగి కాఫీ కాచుకుంటుంటే తుమ్మింది. చూలుజింకలు మేత ఆపి, తలలు తిప్పి మావైపు చూశాయి.

"అక్కా, ఇంకొక్కటి తుమ్మావంటే మంద రష్యాలో తేలుతుంది," అన్నాడు యోవ్నా. అతను రావ్నా బాబాయి కొడుకు. వాళ్ల రెయిన్‌డీర్ జింకలూ మావీ కలిసే మేస్తాయి.

"తేలితే నువ్వెళ్లి తోలుకురా. కాఫీ తాగడం తప్ప ఇక్కడ నీకేం పనుంది?" అంది రావ్నా, ముక్కు తుడుచుకుంటూ.

అందరం నవ్వాం. జలుబే కదా అనుకున్నాం.

రావ్నా నా భార్య. అప్పటికి నలభైకి దగ్గర పడుతోంది. మంద మాత్రం ఆమెది, నాది కాదు. ఈ ఉత్తరపు మంచుదేశంలో జింకల్నీ చేపల్నీ నమ్ముకుని బతికే మా సామీల్లో ఆడవాళ్లకు సొంత జింకలుంటాయి, సొంత చెవిగుర్తు ఉంటుంది. పుట్టిన దూడ చెవికి ఎవరి కోత వాళ్లు కోస్తారు. మంద ఎంత కలగలిసినా చెవి చూస్తే ఎవరి జింకో తెలిసిపోతుంది. రావ్నా గుర్తు ఆమె నాయనమ్మది. కుడిచెవి కొసన ఒక చీలిక, ఎడమచెవి వెనకంచున రెండు గంట్లు. పరిగెడుతున్న జింక చెవిని కూడా ఆమె దూరంనుంచే పోల్చుకునేది. ఉచ్చుతాడు విసిరితే కొమ్ముకు పడాల్సిందే. వాళ్ల నాన్న హెయికా ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. ఆయన కూడా కూతురు తాడు విసురుతుంటే చుట్ట ఆరిపోయినా చూసుకునేవాడు కాదు.

నేను చేపలు పట్టే ఇంట్లో పుట్టాను. సముద్రపు పాయ ఒడ్డున మా ఊరు. వేసవిలో వాళ్ల మంద మా ఊరి పైకొండకు మేతకొచ్చేది. ఒకసారి కొన్ని జింకలు దిగొచ్చి మా అమ్మ బంగాళదుంపల మడిని మొదళ్లదాకా మేసేశాయి. తిట్టిపోద్దామని కొండెక్కాను. పైన తాడు చుట్టుకుంటూ ఈవిడ కనిపించింది.

"మీ జింకలు మా మడి నాకేశాయి," అన్నాను.

"కంచె వేసుకోవడం కూడా రాదా మీ చేపలోళ్లకి?" అంది.

ఆ శరత్తులోనే మా పెళ్లయింది. హెయికా మామ మాత్రం నన్ను పేరుపెట్టి పిలిచేవాడు కాదు. ఆయనకు నేను చేపలోణ్నే.

జలుబు తగ్గలేదు. వేసవిలో కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి. దూడల్ని పట్టి చెవులు కోసినప్పుడు ముంజేతుల మీద దద్దుర్లు లేచాయి, దురదగొండి రాసినట్టు. "పుప్పొడి," అంది ఒకావిడ. "దోమలు," అన్నాడు యోవ్నా. మామ ఏదో వేరు ఉడకబెట్టి తాగించాడు. శరత్తు నాటికి దగ్గు పట్టుకుంది. చలికాలంలో కొండమీది ఇంటికి చేరాక కూడా ఆ దగ్గు వదల్లేదు. పడుకుంటే ఈలవేసినట్టు ఊపిరి. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది.

కుక్క మీద అనుమానం వచ్చింది నాకు. మా కుక్క నల్లోడు ఆమె కాళ్ల దగ్గరే పడుకునేవాడు. కుక్క బొచ్చు కొందరికి పడదని ఎక్కడో విన్నాను. వాణ్ని యోవ్నా ఇంట్లో కట్టేశాం. వాడు అక్కడ తిండి మానేసి, తలుపు గీరుతూ మూలిగేవాడట. రావ్నా దగ్గు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

"పాపం, ఆ మూగజీవి మీద పెట్టారు నేరం," అన్నాడు యోవ్నా, వాణ్ని తెచ్చి వదిలేస్తూ. "బావా, ఈసారి నిన్ను కట్టేసి చూద్దామా? నీ దగ్గర ఆ చేపల కంపు ఇంకా పోలేదు."

ఆ నడిచలికాలంలో మా అమ్మ మంచుమీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమెకు సాయంగా ఇద్దరం తీరానికి వెళ్లాం. చలికాలంలో మంద పైనే ఉంటుంది, యోవ్నా చూసుకుంటానన్నాడు. మా అమ్మ ఇంట్లో రావ్నా దగ్గు మొదట సగమైంది. తర్వాత మొత్తానికే పోయింది. వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. చెంపలకు రంగు వచ్చింది. మా అమ్మ కాడ్ చేపల పులుసు కాచి, "మా ఉప్పుగాలి మందమ్మా," అని పొంగిపోయింది.

తిరిగి కొండమీదికి వచ్చాం. మా మంచం మీద ఎప్పుడూ జింకతోలు పరిచి ఉంటుంది. మర్నాడు పొద్దున్న లేచేసరికి రావ్నా కుడిచెంప ఉబ్బిపోయి, కన్ను మూసుకుపోయి ఉంది. కుడివైపుకు తిరిగి పడుకుంది రాత్రంతా. ఎడమచెంప మామూలుగానే ఉంది.

అద్దంలో చూసుకుంది. తర్వాత తోలును వేలితో తాకి, ఆ వేలిని మోచేతి లోపలివైపు రాసుకుంది. మేమిద్దరం ఆ చేతినే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అక్కడ ఎర్రగా గీత తేలింది.

"సమ్మోల్, ఎవరికీ చెప్పకు," అంది.

"డాక్టరుకు?"

"డాక్టరుకు కూడా."

చెప్పకుండా ఎన్నాళ్లు? ఊపిరి ఆడనిదే ఎవరు పని చేయగలరు? చివరికి నేనే బండెక్కించి ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ దేశానికి దక్షిణపు కొసనుంచి వచ్చిన చిన్నపిల్ల, మంచి పిల్ల. ఏది పడదో చూడడానికి చేతిమీద మందు చుక్కలు వేసి, ఒక్కొక్క చుక్కలో సన్నగా గుచ్చింది. పిల్లి, కుక్క, గుర్రం, గడ్డి, బర్చ్ చెట్టు పుప్పొడి. దేనికీ దద్దురు లేవలేదు. "రెయిన్‌డీర్‌ది నా దగ్గర లేదు, రక్తం తీసి పంపుతాను," అంది. రావ్నా వైపు చూసి నవ్వి, "అది కాకూడదని కోరుకుందాం," అంది.

ఫోన్ వచ్చినప్పుడు రావ్నా గిన్నెలు తోముతోంది. చెయ్యి తుడుచుకుని తీసుకుంది. "ఊఁ" అంది, "ఊఁ" అంది. పెట్టేసి మళ్లీ గిన్నెలు తోమింది.

"అదేనంట," అంది, తిరక్కుండా.

మామకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన చుట్ట నోట్లోంచి తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"జింకలు పడకపోవడమేంట్రా? అది పుట్టినప్పుడు ఉయ్యాల్లో పరిచింది జింకతోలు. వేసుకుంది జింకతోలు. పాలపళ్లతో చీకింది జింక ఎముక. ఇప్పుడు పడవంట! నీళ్లు పడకపోతే చేప బతుకుతుందా? చేపలోడివి, నువ్వు చెప్పు."

"ఏళ్ల తరబడి వాటితో తిరిగాకే కొందరికి ఇలా వస్తుందంటోంది డాక్టరమ్మ. వెంట్రుకలు, చర్మంమీంచి రాలే పొట్టు..."

"మాంసం?"

"ఉడికింది తినొచ్చట."

"అంటే కడుపు ఒప్పుకుంటుంది, ముక్కు ఒప్పుకోదా?" ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. లేచి గుర్రుమంటూ బయటికి వెళ్లిపోయాడు.

అసలు మందు జింకలకు దూరంగా ఉండడమేనని డాక్టరమ్మ చెప్పింది. పిల్లులకూ గడ్డికీ ఒంటిని మెల్లగా అలవాటుచేసే సూదిమందులున్నాయి కానీ రెయిన్‌డీర్‌కు ఎవరూ తయారు చేసినట్టు తనకు తెలియదంది. "మీలాంటివాళ్లు చాలా కొద్దిమంది కదా," అంది తప్పు తనదైనట్టు. రోజూ వేసుకునే మాత్ర ఇచ్చింది, పొద్దునా సాయంత్రం పీల్చే మందు ఇచ్చింది, ఊపిరి బిగిసినప్పుడు పీల్చడానికి వేరే ఇన్‌హేలర్ ఇచ్చింది. మరీ ప్రాణంమీదికి వస్తే తొడలో గుచ్చడానికి ఒక సూది కలం ఇచ్చి, ఎలా గుచ్చాలో నాకు నేర్పింది.

ఇంట్లో తోళ్లన్నీ తీసేశాం. మంచం మీది తోలు, బల్ల మీది తోలు, ఆమె బొచ్చు బూట్లు, తల్లి కుట్టిచ్చిన బొచ్చుకోటు, అన్నీ సంచుల్లో కట్టి మామ కొట్టుగదిలో పెట్టాం. గోడలు కడిగాం. రావ్నా బొచ్చుకోటును సంచిలో పెట్టేటప్పుడు మాస్కు వేసుకుని, చేతులకు తొడుగులు తొడుక్కుని మడతపెట్టింది. నన్ను మడతపెట్టనివ్వలేదు.

ఇక మిగిలింది నేను. పొద్దంతా మందలో తిరిగేది నేనే కదా. గుమ్మం పక్కన చెక్కగది ఒకటి కట్టాను. మందనుంచి రాగానే అందులో ఒంటిమీదివన్నీ విప్పి, ఆవిరిస్నానపు గదిలోకి పరిగెత్తి, తల రుద్దుకుని, వేరే బట్టలు వేసుకుని ఇంట్లో అడుగుపెట్టేవాణ్ని. చలికి పళ్లు టకటకలాడేవి. ఇంత చేసినా ఒక్కోసారి నేను పక్కన కూర్చోగానే ఆమెకు గొంతులో గరగర మొదలయ్యేది. ఆమె చెప్పేది కాదు, మొహం అటు తిప్పుకుని మెల్లగా జరిగేది. అది గమనించి నేనే లేచి ఎదురు కుర్చీలో కూర్చునేవాణ్ని. నల్లోడికి కూడా బయటే పడక. వాడి బొచ్చులో జింక బొచ్చు ఉంటుంది కదా. కుక్క నేరం చేయలేదు కానీ శిక్ష మాత్రం తప్పలేదు.

ఆ వేసవిలో దూడల చెవులు నేను కోశాను. రావ్నా పెద్ద మాస్కు తగిలించుకుని, గాలి తనవైపునుంచి మందవైపు వీచేలా కంచె బయట నిలబడింది. ఏ దూడ ఏ తల్లి వెంట పోతోందో అక్కణ్నుంచే చూసి అరిచేది. మాస్కులోంచి మాట సగమే వినబడేది.

"అది మనది కాదు! దాని వెనకది! తెల్లకాళ్లది!"

నేను తాడు విసిరాను. అది తెల్లకాళ్లదాని మీద తప్ప అన్నిటి మీదా పడింది.

"బావా, అది వల కాదు," అన్నాడు యోవ్నా. "జింకలు ఈదుకుంటూ రావు."

కంచె చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. రావ్నా కూడా నవ్వింది. నవ్వితే దగ్గొచ్చి వంగిపోయింది. నేను కోసిన మొదటి దూడ చెవిలో గంట్లు వంకరగా వచ్చాయి. మామ ఆ చెవి పట్టుకుని వెనక్కి తిప్పి చూసి, ఒక్కమాట కూడా అనకుండా వదిలేశాడు. తిట్టి ఉంటే బావుండేది.

ఏదోలా నెట్టుకొస్తామనే అనుకున్నాం. మాత్రలున్నాయి, మాస్కు ఉంది, గాలి చూసుకుని నిలబడుతోంది. ఆమె కళ్లు, నా చేతులు. అలా గడిచిపోతుందనుకున్నాం.

ఆ శరత్తులో వానలు లేవు. మంచు కూడా ఆలస్యమైంది. జింకల్ని వేరుచేసే దొడ్డిలోకి మందను తోలినప్పుడు నేల పొడిపొడిగా ఉంది. గుండ్రటి దొడ్డిలో వందలాది జింకలు సుడి తిరుగుతుంటే దుమ్మూ బొచ్చూ కలిసి పొగలా లేచింది. ఎవరి జింకల్ని వాళ్లు పట్టి, పక్కనున్న తమ చిన్నదొడ్డిలోకి ఈడ్చుకెళ్లాలి. పోతుజింకలు మదంమీద ఉండే రోజులవి. మామను లోపలికి రావద్దని నేనూ చెప్పాను, యోవ్నా కూడా చెప్పాడు. "మీరు పుట్టకముందునుంచీ దిగుతున్నాను," అన్నాడాయన.

నేనొక ఆడజింక కొమ్ములు పట్టుకుని అవతలి గేటు దగ్గర తంటాలు పడుతున్నాను. అరుపులు వినబడి తిరిగి చూసేసరికి మామ నేలమీద ఉన్నాడు. ఓ పెద్ద పోతు ఆయన్ని పొడిచి పడేసి వెళ్లిపోయింది. సుడి తిరుగుతున్న మంద ఆయన మీదినుంచి దూకుతోంది. చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ గిట్టలు ఆయన తలకు ఇంకా దగ్గరగా పడుతున్నాయి.

అందరికంటే దగ్గరగా ఉన్నది కంచె బయట నిలబడ్డ రావ్నాయే. కంచె ఎక్కి దూకేసింది.

మాస్కు ఎక్కడ ఊడిందో తెలియదు. జింకల్ని తప్పించడానికి చేతులు బార్లా చాపి, అరుస్తూ పరిగెత్తింది. తండ్రి చంకల కింద చేతులు వేసి కంచె దాకా ఈడ్చుకొచ్చింది. యోవ్నా ఆయన్ని కింది పలక కిందనుంచి బయటికి లాక్కున్నాడు. రావ్నా కూడా బయటికి పాకింది. నేను చేరేసరికి మోకాళ్లమీద కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, నోరు తెరిచి ఉంది. లోపలికి ఏమీ పోవడం లేదు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. పెదాలు నల్లబడుతున్నాయి.

ఇన్‌హేలర్ నోట్లో పెట్టాను. పీల్చలేకపోయింది. ఆమె భుజం చుట్టూ చెయ్యి వేయబోయాను. ఆమె నా చెయ్యిని తోసేసింది. అప్పుడు చూసుకున్నాను నా చేతుల్ని. మోచేతులదాకా బొచ్చు అంటుకుని ఉంది. ఛాతీమీద బొచ్చు, గడ్డంలో బొచ్చు. చుట్టూ అందరూ మూగారు. "పట్టుకోండి, పడిపోతుంది," అని అరిచాను. ఎవర్ని పట్టుకోమనాలి? అక్కడున్నవాళ్లలో ఒంటిమీద బొచ్చు లేని మనిషి లేడు. ఆమెకు సాయం చేయబోయే ప్రతి చెయ్యీ ఆమె గొంతు నులిమే చెయ్యే.

"దూరం జరగండి! గాలి రానివ్వండి!" అన్నాడు యోవ్నా. అందరూ వెనక్కి అడుగులు వేశారు. ఏం చేయాలో తెలియక అలా వెనక్కి నడిచి, నిలబడిపోయారు.

సూది కలం తీసి ఆమె తొడలో గుచ్చాను. డాక్టరమ్మ నేర్పినట్టే నొక్కి పట్టి ఉంచాను. కోటు విప్పేశాను. చొక్కా విప్పేశాను, ప్యాంటు కూడా. లోపలి ఉన్ని బట్టలతో నిలబడి, యోవ్నా బండిలో ఉన్న నీళ్ల డబ్బా తలమీద కుమ్మరించుకున్నాను. అప్పుడు ఆమెను పట్టుకోనిచ్చింది. కొండమీద పొగమంచు దిగుతోందని, హెలికాప్టర్ రావడం కుదరదని, రోడ్డుదాకా అంబులెన్సు పంపుతామని ఆసుపత్రివాళ్లు ఫోన్‌లో చెప్పారు. నాలుగు చక్రాల బండిమీద ఆమెను నా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. బండి నడిపే యోవ్నా తన కోటు పారేసి, తన ఒంటిమీది గాలి ఆమె మీదికి రాకుండా ఒంగి కూర్చున్నాడు. రోడ్డుదాకా ఆమె ఊపిరి లెక్కపెట్టడం తప్ప నేను చేయగలిగింది లేదు. ఒకటి వచ్చాక ఇంకోటి వస్తుందో రాదో.

"మాట్లాడు," అంటూ వచ్చాను. అదెంత తెలివితక్కువ మాటో తర్వాత తెలిసింది. ఊపిరే ఆడని మనిషి ఏం మాట్లాడుతుంది?

రోడ్డుమీద అంబులెన్సు ఉంది. ఆక్సిజన్ పెట్టారు. బతికింది.

మామకు పక్కటెముకలు విరిగాయి. తండ్రీకూతుళ్లు ఒకే ఆసుపత్రిలో ఉన్నారు. నడవడానికి ఒప్పుకోగానే ఆయన ఆసుపత్రి చొక్కాలో గోడ పట్టుకుని కూతురి గదికి వచ్చాడు.

"నన్నక్కడే వదిలెయ్యాల్సింది," అన్నాడు.

"వదిలేస్తే తొక్కేసేవి నాన్నా."

"తొక్కనియ్యి. నా జింకలేగా."

ఆయన మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆసుపత్రి సబ్బు వాసన తప్ప ఆయన ఒంటిమీద వేరే వాసన లేదు. ఆయన్ని అలా చూడడం నాకు అదే మొదలు. అంత చిన్నమనిషని అంతకుముందు తెలియలేదు.

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. "ఇంకోసారి ఇలా జరిగితే నేను హామీ ఇవ్వలేను," అంది. మందకు దూరంనుంచి కూడా వద్దంది. మాస్కుతో కూడా వద్దంది.

రావ్నా వింది. వాదించలేదు. వాదిస్తుందని ఎదురుచూసిన నాకు అదే భయంవేసింది.

ఆ చలికాలం కొండమీది ఊళ్లో పసిపిల్లల బడిలో పనికి కుదిరింది. పిల్లలకు బూట్లు తొడగడం, గంజి పెట్టడం. మొదటి వారమే దగ్గుతూ ఇంటికొచ్చింది. పిల్లలందరూ మంద ఉన్న ఇళ్లవాళ్లే. తండ్రుల ఒళ్లోంచి దిగి నేరుగా బడికొస్తారు. ఒక చంటిది ఏడుస్తూ వచ్చి రావ్నా మెడకు చుట్టుకుంటే దాని టోపీలో జింకబొచ్చు. అంగట్లో పని చూశాం. బొచ్చుకోట్లు వేసుకునే వస్తారు అంగడికి. ఆఖరికి ప్రార్థనకు వెళ్లి వెనక బెంచీమీద కూర్చున్నా ముందు బెంచీ నిండా బొచ్చుకోట్లే. ఆ ఊళ్లో రెయిన్‌డీర్ లేని చోటంటూ ఏదీ లేదని నాకు ఆ చలికాలం తెలిసొచ్చింది.

మామ మా ఇంటికి రావడం మానేశాడు. వచ్చినా కిటికీ అవతల మంచులో నిలబడి, అద్దంలోంచి కేకేసి మాట్లాడేవాడు. ఓ రోజు తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే ఆయన. ఒంటిమీద ఎర్రటి కొత్త జాకెట్, పర్యాటకులు వేసుకునేలాంటి మెరిసే గుడ్డది. జన్మలో బొచ్చుకోటు తప్ప వేసుకోని మనిషి.

"నవ్వితే వెళ్లిపోతా," అన్నాడు.

"ఎవరు నవ్వారు నాన్నా," అంది రావ్నా. ఆమె కళ్లు నిండాయి.

ఆయన చలికి వణుకుతూ పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నాడు. మావాళ్ల అలవాటుగా కాఫీలో చీజ్ ముక్క వేసుకుని తాగాడు. వెళ్లేటప్పుడు నా భుజం తట్టి, "సమ్మోల్, దాన్ని మీ అమ్మ దగ్గరికి పంపు," అన్నాడు. పేరుపెట్టి పిలిచాడని సంతోషించాల్సిన సమయం కాదది.

ఆ మాట మా ఇద్దరి నోటిదాకా ఎన్నోసార్లు వచ్చి ఆగిపోయిందే. చలికాలంలో తీరాన జింకలుండవు. అక్కడ ఆమె ఊపిరి ఆడుతుంది. కానీ వేసవి రాగానే మంద అక్కడికే దిగుతుంది. మా అమ్మ ఇంటి పైకొండమీదికే.

"అప్పుడు నేను పైకొస్తాను," అంది రావ్నా. "మంద దిగినప్పుడు నేను ఎక్కుతాను. మంద ఎక్కినప్పుడు నేను దిగుతాను."

"మరి నేను?"

"నువ్వు మందతో ఉండాలి కదా."

"అమ్మేద్దాం రావ్నా. మంద అమ్మేసి, ఇద్దరం అమ్మ దగ్గరుందాం. నాకు చేపలు పట్టడం వచ్చు."

"మరి మా నాయనమ్మ గుర్తు? నాతోనే పోవాలా?" అంది రావ్నా. అమ్మే మాట నేను మళ్లీ ఎత్తలేదు.

వారం తిరక్కుండా ఆమె తీరానికి, మా అమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ వసంతంలో మందను తీరానికి తోలుకొస్తున్నాం. నేనూ, యోవ్నా. అదే రోజు రావ్నా తీరంనుంచి కారులో పైకి బయల్దేరింది. కొండదారి మొత్తానికీ ఉన్నది ఒక్కటే రోడ్డు. మంద దాన్ని దాటే చోట ఆమె కారు ఆగిపోవాల్సి వచ్చింది.

జింకలు రోడ్డంతా పరుచుకుని, కారుకు అటూ ఇటూ పాయలుగా చీలి నడిచాయి. చూలుజింకలు, బరువుగా, తొందరలేకుండా. ఆమె కారు అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. మూతికి మాస్కు. నేను మంచుబండి ఆపి నడిచి వచ్చాను. అద్దం దగ్గర నిలబడ్డాను. మిగిలిన చలికాలమంతా ఎడంగా ఉండి, మొదటిసారి చూసుకోవడం. ఆమె చెంపలు నిండాయి. నేను అద్దంమీద చెయ్యి పెట్టబోయి, చేతితొడుగు నిండా ఉన్న బొచ్చు చూసి వెనక్కి తీసుకున్నాను.

ఆమె ఫోన్ ఎత్తి చూపించింది. నాదీ మోగింది. అద్దానికి అటొకరు, ఇటొకరు.

"చిక్కిపోయావు," అంది.

"వండుకోవడం రాదుగా."

"గడ్డం గీసుకో. మా నాన్నలా ఉన్నావు."

"మా అమ్మ బావుందా?"

"నీ మీద చాడీలు చెప్తోంది. చిన్నప్పుడు పడవలో నిద్రపోయేవాడివంట కదా."

మాట్లాడుతూనే ఆమె నన్ను చూడడం లేదు. నా భుజం పక్కనుంచి, నడిచిపోతున్న జింకల చెవులమీద ఆమె చూపు పరుగెడుతోంది. వాటిలో తనవి వెతుక్కుంటోంది. కనిపించిన ప్రతిదానికీ మాస్కు కింద పెదాలు కొద్దిగా కదులుతున్నాయి.

"అదిగో, ఆ బూడిదరంగుది," అంది ఒక్కసారిగా. "వెనక కుడికాలు చూశావా? గిట్టలో ఏదో దిగింది. కుంటుతోంది."

వెనక్కి తిరిగి చూశాను. అన్నీ ఒకేలా నడుస్తున్నాయి నా కంటికి.

"ఏది?"

"అదే సమ్మోల్, నీ పక్కనుంచే పోయింది ఇప్పుడే. అబ్బా, ఎడమచెవి గంట్లు వంకరగా ఉన్నదాని వెనక. ఆ వంకరది నువ్వు కోసిందే."

అప్పటికే అవి కలిసిపోయాయి. ఎన్ని చెవులు, ఎన్ని కాళ్లు. నేను నాలుగడుగులు వాటి వెంట పరిగెత్తి ఆగిపోయాను. రావ్నా కారులోంచి వేలు చూపిస్తూ ఏదో అంటోంది. అద్దానికి దూరం జరిగేసరికి ఫోన్‌లో మాట తెగుతూ వచ్చింది. వెనకనుంచి యోవ్నా ఈల వేశాడు, మంద చెదురుతోందని.

ఆఖరి జింక రోడ్డు దాటింది. కారు కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా కదిలి కొండపైకి వెళ్లింది. నేను మంచుబండెక్కి మంద వెంట కిందికి దిగాను. సాయంత్రందాకా బూడిదరంగు జింకలన్నిటి వెనక కుడికాళ్లూ చూస్తూనే ఉన్నాను. ఏది కుంటుతోందో నాకు తెలియలేదు.